పాఠశాలలో ఖాకీ గది

ఈ సంచికలో త్యాగరాజస్వామిని గూర్చియు, చెన్నపురి తెలుగు ముద్రణాలయములను గూర్చియు పెద్దలు వ్రాయుదురు. అట్టి పాండిత్యము మాకు లేదు. ఎస్.ఎస్.ఎల్.సి. వఱకు చదివి, ఉత్తర మదరాసులోని యొక తెలుగు పాఠశాల కార్యాలయమున 1983 మొదలు 2021 వఱకు గుమాస్తాగా పనిచేసినవారము. మా జీవితములో అధికభాగము తాళములతోడను, చిట్టాలతోడను గడచినది. కావున మాకు తెలిసిన సంగతియే వ్రాయుచున్నాము. పోలీసు సామగ్రియు, పోలీసు ఉడుపులను బోలిన ఉడుపులును పాఠశాల ఆవరణలో ఉంచవలసి వచ్చినప్పుడు వానిని ఎట్లు భద్రపఱుపవలెననునదే ఆ సంగతి. ఇది సారస్వత విషయము కాదని కొందఱు నవ్వవచ్చును. నవ్వువారి పిల్లలును ఒకప్పుడు మా గది ముందు వరుసగా నిలిచి, టోపీయు ఈలయు పుచ్చుకొని పోయినవారే.

పాఠశాలకును పోలీసు సామగ్రికిని సంబంధమేమని అడుగువారు కలరు. ఎన్నికలు వచ్చినవనుకొనుడు, బందోబస్తుకు వచ్చిన పోలీసులు పండుకొనుటకు మన తరగతి గదులే దిక్కు. నగరములో రోడ్ సేఫ్టీ పెట్రోల్ అను పేరున ట్రాఫిక్ పోలీసువారి శిక్షణ పొందిన విద్యార్థి దళములు కలవు. సాయంకాలము బడి విడుచు వేళ ఈల నోట గఱచికొని, చేయి చాచి, బండ్లను ఆపి చిన్నపిల్లలను దాటించు బాలురను మీరు చూచియే యుందురు. కేరళ రాష్ట్రమువారు 2010లో స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకమును ప్రారంభించిరి. 2018 జూలై 21వ తేదీన గురుగ్రామమున అప్పటి కేంద్ర హోము మంత్రి రాజ్‌నాథ్ సింగుగారు దానిని దేశమంతటికిని ఉద్దేశించి ప్రారంభించిరి. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలకు ఏర్పఱచిన పథకమది. ఇట్టివాని ప్రారంభోత్సవములలో ఉపన్యాసములు, కవాతులు, ఛాయాచిత్రములు ఉండును. మఱునాటి ఉదయము ఆ టోపీలును, బెల్టులును ఎచ్చట పెట్టవలెనను ప్రశ్న గుమాస్తా బల్లమీదికి వచ్చును. దానిని గూర్చి ఉపన్యసించిన వారిని మేము చూడలేదు.

మేము చదివినదియు, పిమ్మట పనిచేసినదియు ఒకే పాఠశాల. 1970 దాటిన సంవత్సరములలో అచ్చట ఎన్.సి.సి. జూనియర్ డివిజన్ ఉండెను. ఎన్.సి.సి. చట్టము 1948లో వచ్చినది. చైనా యుద్ధానంతరము 1963లో దానిని కళాశాలలలో నిర్బంధము గావించి, 1968లో మరల ఐచ్ఛికము చేసిరి. మా పాఠశాలలో మాత్రము అది పిల్లలకు పండుగ. నిర్బంధమన్న మాటయే లేదు. మేడమెట్ల క్రింద ఇనుప తలుపు గల చిన్న గదిలో త్రీనాట్‌త్రీ రైఫిళ్ళను కఱ్ఱచట్రములో నిలిపి, ట్రిగ్గరు కాపుల గుండ ఒక గొలుసు దూర్చి, కొనలకు తాళము వేసెడివారు. వాని బోల్టులు మాత్రము ఆ గదిలో ఉండెడివి కావు. కవాతు ముగియగానే హవల్దారు వానిని ఊడదీసి, లెక్కించి, వేఱొక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ప్రధానోపాధ్యాయుని గదికి చేర్చి, సంతకము పుచ్చుకొని పోవుచుండెను. ఏల ఇంత శ్రమ యని మాలో నొకడు అడుగగా ఆయన, "బోల్టు తీసేస్తే అది తుపాకి కాదు తంబీ, కట్టె" అనెను. అప్పుడది మాకు హాస్యముగా తోచినది. కొంత కాలమునకు రైఫిళ్ళను మా బడిలో విడుచుట మాని, కవాతు నాడు వ్యానులో తెచ్చి కొనిపోవుట మొదలుపెట్టిరి. తరువాత ఆ దళమే మా పాఠశాలనుండి పోయెను. ఇనుప తలుపు మిగిలెను.

హవల్దారు మాటకు చరిత్రలో సాక్ష్యము కలదు. 1930 ఏప్రిల్ 18వ తేదీ రాత్రి చిట్టగాంగులో సూర్యసేనుడును, ఆయన అనుచరులును ఆయుధాగారములను ముట్టడించిరి. సూర్యసేనుడు బడిపంతులు, అనుచరులలో అనేకులు విద్యార్థులు. సహాయక సైనికదళపు ఆయుధాగారములో తుపాకులు చేజిక్కినవి గాని, వానికి తగిన గుండ్లు దొరకలేదు. గుండ్లను వేఱుచోట దాచియుండిరి. ఆ యువకుల సాహసమునకు మేము చేతులు జోడింతుము. అయినను సామాను కాపాడు గుమాస్తా కంటితో చూచినప్పుడు, తుపాకిని గుండును ఒకచోట పెట్టరాదని ఎవడో పేరులేని ఉద్యోగి వ్రాసిన నిబంధన ఆ రాత్రి ఎంత పని చేసెనో గదా యనిపించును.

అంతకు ఎనిమిదేండ్లకు ముందు మన తెలుగు మన్యములో జరిగినది మఱింత విచిత్రము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషనులను వరుసగా పట్టి, 26 తుపాకులను, రెండువేల ఐదువందలకు పైబడిన గుండ్లను గైకొనెను. ఆ సీమయంతయు అప్పుడు చెన్నరాజధానిలోనిదే. తాను తీసికొనిన వస్తువుల జాబితాను స్టేషను పుస్తకములో వ్రాసి, క్రింద సంతకము చేసి పోయెనని చరిత్రకారులు చెప్పుదురు. ముట్టడించినవాడు రసీదు ఇచ్చుట లోకములో ఎచ్చటనైన కలదా? చొక్కాకు, టోపీకి, గజము త్రాటికి ఉపాధ్యాయులచేత సంతకము పెట్టించుటకు ముప్పదియెనిమిది సంవత్సరములు మేము పడిన పాట్లు తలచుకొన్నప్పుడెల్ల ఆ మహానుభావుడు జ్ఞప్తికి వచ్చును.

ఇక మా గది కథ. 2012లో మా పాఠశాలలో నలువదిమంది బాలురతో రహదారి భద్రతకై యొక దళము ఏర్పడెను. ఇట్టి దళముల ఉడుపులు ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున ఉండును; మావారు ఖాకీని కోరుకొనిరి. ఖాకీ యనగా పారసీక భాషలో మట్టిరంగు. రంగు మట్టిదే గాని, దానిని తొడిగినవాని నడక ఆ క్షణముననే మాఱుట మేము కన్నులార చూచితిమి. నలువది చొక్కాలు, అన్ని లాగులు, టోపీలు, బెల్టులు, ఈలలు, ఈల త్రాళ్ళు, చీకటిలో మెఱయు పచ్చని పైచొక్కాలు, 'ఆగుము' అని వ్రాసిన చేతిపలకలు, జనమును అదుపుచేయుటకు నాలుగు పెద్ద త్రాళ్ళు వచ్చి కార్యాలయములో కుప్పగా పడినవి.

వీనిని ఎచ్చట పెట్టుదుమని సభ కూడినది. కార్యాలయమునకు ఎదురుగా కటకటాల కిటికీలును, దిట్టమైన తలుపును గల గది యొకటి కలదు. అది తెలుగు గ్రంథాలయము. దానిని ఖాళీచేసి దళమునకు ఇత్తమనియు, పుస్తకములను గోనెసంచులలో కట్టి మేడమీది షెడ్డులో వేయుదమనియు ఒకరు ప్రతిపాదించిరి. ఆయన చెడ్డవాడు కాడు. మా బడిలో తెలుగున చేరు పిల్లలు ఏటేట తగ్గుచుండిరి. తమిళ అభ్యసన చట్టము 2006లో వచ్చినది. దాని నీడ ఒక్కొక్క తరగతిమీదుగా ప్రాకుచుండెను. గ్రంథాలయపు తలుపు తీసిన దినముకంటె తీయని దినములే ఎక్కువ. మఱి యెవరును మాటాడలేదు.

మేమును అచ్చట భాషాభిమానము ఎత్తలేదు. ఎత్తినచో ఓడెడివారము. సామాను భద్రతను గూర్చియే ఒక పుట వ్రాసి ప్రధానోపాధ్యాయునికి సమర్పించితిమి. గ్రంథాలయపు కిటికీలు వరండామీదికి తెఱచియుండును. ఫీజు కట్టుటకు వచ్చినవారు, పాలవాడు, ప్రతివాడును కటకటాల గుండ లోని వస్తువులను చూచుచుందురు. కంటికి కనబడినదానిపై మనస్సు పోవును. మెట్ల క్రింది గదికి తలుపు ఒక్కటే, అదియు ఇనుపది, ప్రధానోపాధ్యాయుని కుర్చీకి ఎదుట. పదిమంది వచ్చిపోవుటకు కట్టిన గది వేఱు, ఇద్దఱు తప్ప మూడవవాడు కాలుపెట్టరాని గది వేఱు. ఈ మాటలకు బదులు చెప్పువారు లేకపోయిరి. మెట్ల క్రింది గదికి పైన గాలికంత చేసి, దానికి ఇనుప వల బిగించి, ఒక దీపము పెట్టించి, రెండు బీరువాలను ఇటుకలమీద నిలిపితిమి. పుస్తకములు కదలలేదు. కవాతు నాటి సాయంకాలములలో వరుస పొడుగై నిలుచు పిల్లలలో కొందఱు ఎదుటి గ్రంథాలయములో దూరి పాత చందమామలు తిరుగవేయుటయు తటస్థించెను. దీనిని మేము ఆ పుటలో వ్రాయలేదు గాని, ఎదురుచూడలేదనిన అబద్ధమగును.

పెట్టిన నియమములలో మేము పట్టువిడువనిది బిళ్ళను గూర్చినది. టోపీ ముందరి బిళ్ళ, భుజముమీది బిళ్ళ అను రెంటిని కుట్టింపక, సూదిపిన్నుతో తగిలించునట్లు చేయించితిమి. కవాతు ముగిసిన వెంటనే వానిని ఊడదీసి, లెక్కించి, ఒక రేకుడబ్బాలో పెట్టి, డబ్బాను ప్రధానోపాధ్యాయుని బీరువాలో ఉంచవలెను. చొక్కాల గదిలో ఒక్క బిళ్ళయు రాత్రి నిలువరాదు. మన తెలుగులో బిళ్ళబంట్రోతు అను మాట ఊరక పుట్టలేదు. వానిని చూచి కాదు, వాని నడికట్టుమీది ఇత్తడిముక్కను చూచి లోకము త్రోవ ఇచ్చెడిది. మా హవల్దారు బోల్టును గూర్చి చెప్పినమాటయే మేము బిళ్ళకు అన్వయించుకొంటిమి. తాళపుచెవులు రెండు: ఒకటి మావద్ద, రెండవది లక్కవేసిన కవరులో ప్రధానోపాధ్యాయునివద్ద. కవరు చింపినవాడు ఏ తేదీన ఏల చింపెనో వ్రాయవలెను.

ఇంత కాపలా ఏల యని ఒక ఉపాధ్యాయుడు వాదించెను. కోడంబాక్కము పోయినచో సినిమా ఉడుపుల దుకాణములలో ఇన్‌స్పెక్టరు వేషమే అద్దెకు దొరకును గదా యనెను. నిజమే. తెలుగు చిత్రములు మదరాసులో తయారగు దినములనుండియు ఆ వ్యాపారములో నున్న తెలుగువారు కొందఱు మాకు పరిచితులు. వారును అద్దెకిచ్చిన ప్రతి టోపీకిని పద్దు వ్రాసికొందురని ఆయనకు మనవి చేసితిమి.

చెన్నపురి గాలిలో ఉప్పు కలదు. ఇత్తడి బకిలును రెండు వారములు తుడువకున్న కిలుము పట్టును. చెమటతో మడిచిపెట్టిన చొక్కాకు మూడవనాటికే బూజు వాసన వచ్చును. కావున తిరిగి పుచ్చుకొన్న చొక్కాలను మేడమీది దండెములపై ఆరవేయించి, చాకలికి లెక్కించి ఇచ్చి, ఇస్త్రీయైన పిమ్మట అంకెల వరుసను అరలలో పెట్టించెడివారము. కలరా ఉండలను గుడ్డలో మూటగట్టి అరల మూలల వ్రేలాడదీయుటయే గాని బట్టలమధ్య చల్లనిచ్చుట లేదు. వాని వాసనకు తుమ్మి తుమ్మి కవాతు చెడగొట్టిన బాలుడొకడు ఉండెను. బకిళ్ళను చింతపండుతో తోముట పిల్లలు తమ తల్లులవద్ద నేర్చుకొని వచ్చిరి. ఇత్తడి బంగారమై మెఱసెను గాని, పులుసు నవారు బెల్టులోనికి ఇంకి మఱకలు పడెను. ఊడదీసి తోమవలెనని నియమము పెట్టవలసివచ్చెను. ఈల నోట పెట్టుకొను వస్తువు గనుక ఒకని ఈల ఇంకొకడు ఊదరాదు. ప్రతిదానికిని అంకె చెక్కించి, వారమునకొకమాఱు వేడినీళ్ళలో కడిగించెడివారము. అది చాదస్తమని 2012లో అనినవారు 2020 తరువాత అనలేదు.

ఎగ్మూరులోని పాత పోలీసు కమిషనరు కార్యాలయమున 2021 సెప్టెంబరు 28వ తేదీన తమిళనాడు పోలీసు మ్యూజియమును ముఖ్యమంత్రి స్టాలినుగారు ప్రారంభించిరి. మేమును పోయి చూచితిమి. అందఱును పాత తుపాకులముందు నిలిచిరి. మేము పాత ఉడుపుల యెదుట చాలసేపు నిలిచితిమి. ఈ గుడ్డకు పురుగుపట్టకుండ ఇన్నేండ్లు ఏ స్టోరు గుమాస్తా కాపాడెనో ఆయన పేరు మాత్రము అచ్చట లేదు.

నియమములు గట్టివని చెప్పితిమి గాని, వానిని ప్రక్కన పెట్టిన దినమొకటి కలదు. 2015 డిసెంబరు మొదటి దినములలో నగరము నీట మునిగినప్పుడు మా ఆవరణలో మోకాలిలోతు నీరు నిలిచెను. చుట్టుపట్ల ఇండ్లవారు మేడమీది తరగతులలో తలదాచుకొనిరి. మెట్ల క్రింది గదిలో నీరు మూడవ వరుస ఇటుకవఱకు వచ్చి ఆగెను. బీరువాలు నాలుగవ వరుసమీద నుండెను. ఆ సాయంకాలము వీథిలోని యువకులు వచ్చి త్రాళ్ళును, మెఱయు పైచొక్కాలును కావలెననిరి. తలుపు తీసి ఇచ్చితిమి. సంతకము అడుగలేదు, వారు పెట్టలేదు. నాలుగుదినములకు పైచొక్కాలన్నియు ఉతికి మడిచి తెచ్చియిచ్చిరి. త్రాళ్ళు మూడు వచ్చినవి. నాలుగవదానికి ఎదుట "వరదలో వినియోగమైనది" అని వ్రాసి ప్రధానోపాధ్యాయునిచేత సంతకము చేయించితిమి. ఆ పద్దును ఆడిటులో ఎవరును ప్రశ్నింపలేదు.

మఱుసటి యేడు, 2016 మే 16వ తేదీన, శాసనసభ ఎన్నికలు. పరజిల్లా పోలీసులు మూడు రాత్రులు మా తరగతులలో బసచేసిరి. పగలు కాపలాకు పోవునప్పుడు ట్రంకుపెట్టెలును, అదనపు లాఠీలును, డాళ్ళును ఒక గదిలో పెట్టి, తాళపుచెవి మాకిచ్చి పోదుమనిరి. తుపాకులు అప్పగింపలేదు, అప్పగించినను మేము పుచ్చుకొనెడివారము కాము. వారి పెద్ద తిరుత్తణి ప్రాంతపు హెడ్ కానిస్టేబులు. ఆ సీమ 1960 వఱకు ఆంధ్రలో ఉండినది. ఆయన ఇంటి భాష తెలుగే.

"జాబితా వ్రాసి ఇవ్వండి హెడ్డు గారూ" అంటిమి.

"ఏంది సార్, పోలీసోళ్ళ కాడే సంతకం అడగతా ఉండారే!" అని ఆయన పకపక నవ్వెను.

"తాళపుచెవి మా దగ్గర ఉంటే లెక్క కూడా మా దగ్గర ఉండాలి గదా."

ఆయన నవ్వుచునే బెంచీమీద కూర్చుండి లెక్కింపసాగెను. లాఠీలు 24 అని వ్రాసెను. లెక్కకు 23 వచ్చినవి. నవ్వు ఆగెను. మనిషిని పంపగా ఇరువదినాలుగవది వ్యానులో సీటు క్రింద దొరికెను. "ఇది ఊరికి పొయినాక తెలిసుంటే నా జీతంలో పట్టేసుండేవాళ్ళు సార్" అని చేతిగుడ్డతో మొగము తుడుచుకొనెను. ఆ తలుపునకు వారి తాళమొకటి, మా తాళమొకటి వేసితిమి. ఇద్దఱము కూడనిదే తెఱచుకొనదు. మూడుదినములును ఆయన స్వయముగా వచ్చి తన తాళము తీసి, "మీది తియ్యండి సార్" అని మర్యాదగా ప్రక్కకు నిలిచెడివాడు.

ఈ గదివలన ఒక పిల్లవాని చదువు చెడవలసిన సమయమొకటి వచ్చెను. 2018 ఆగస్టు 15వ తేదీ కవాతులో తొమ్మిదవ తరగతి బాలుని చొక్కా చంక క్రింద చిరిగెను. దాని అంకె 27. కుట్టించి తెత్తునని వాడు వేడగా డ్రిల్లు మాస్టారు చీటీ వ్రాసి పంపిరి. టోపీ, బెల్టు, ఈల, బిళ్ళలు వచ్చినవి. చొక్కాకెదుట "మరమ్మతుకు" అని వ్రాసికొంటిమి. వారము గడచినది. చొక్కా రాలేదు, తరువాత మూడుదినములు బాలుడును రాలేదు. వాని అన్న ఆటో నడుపును. ఆటోవారికిని ఖాకీయే గదా. తమ్ముని చొక్కా అన్న తొడిగికొని తిరుగుచున్నాడని ఒకరు, పోలీసు చొక్కాయని చెప్పి ఎవరినో బెదరించెనని ఇంకొకరు పుట్టించిరి. ఆ అన్నకు ఈ బాలుని చొక్కా మోచేతివఱకైన ఎక్కదని ఆలోచించినవాడు లేడు. పేరు కొట్టివేసి, స్టేషనులో ఒక కాగితము ఇచ్చి చేతులు కడుగుకొందమనుటవఱకు వచ్చిరి.

మేము రిజిస్టరు చంకనిడికొని చాకలిపేటలోని వాని ఇంటికి పోయితిమి. తల్లి పనికి పోయెను. అవ్వ గుమ్మములో కూర్చుండెను. నెల్లూరునుండి పెండ్లియై వచ్చిన మనిషి. అడిగినదే తడవుగా లోనికి పోయి ఒక స్టీలు డబ్బా తెచ్చి మా చేతిలో పెట్టెను. "చినిగిపోయిన గుడ్డే గదా అనుకున్నా నాయనా. గిన్నెలామె వస్తే వేసేసినా. ఇదిగో, ఈ డబ్బా ఇచ్చింది. తీసుకుపోండి. పిల్లోణ్ణి మాత్రం బళ్ళోంచి తీసెయ్యబాకండి" అనెను. బాలుడు తలుపు వెనుకనుండి బయటికి రాలేదు.

డబ్బాను అవ్వకే ఇచ్చివచ్చి, ప్రధానోపాధ్యాయుని గదిలో రేకుడబ్బా తెఱచి, 27వ అంకె బిళ్ళలు రెంటిని బల్లమీద పెట్టితిమి. వానిప్రక్క రిజిస్టరులోని పుట తెఱచితిమి. గిన్నెలామె మూటలో పోయినది పేరులేని, గుర్తులేని చిరిగిన ఖాకీగుడ్డ. ఈ పాఠశాలదనియు, పోలీసువారి దళముదనియు చెప్పగలిగినదంతయు ఇచ్చటనే యున్నది. ఆయన బిళ్ళలను అటునిటు త్రిప్పి చూచి, పుటను చదివి, "ఆ పిల్లవానిని రేపు రమ్మనండి" అనిరి. స్టేషనునకు కాగితము పోలేదు. దర్జీ ఖరీదు 240 రూపాయలు రద్దు పద్దులో పడెను. 27వ అంకెను కొట్టివేసి, 41 అను అంకెతో క్రొత్త చొక్కా కుట్టించితిమి. ఆ బాలుడు దళములోనే యుండెను. ఎస్.ఎస్.ఎల్.సి. ముగియువఱకు వాడు పెరుగన్నము తెచ్చుకొన్నది ఆ స్టీలు డబ్బాలోనే.

బిళ్ళలతో సహా పోయియున్నచో ఏమగునని తరువాత మేము ఆలోచించితిమి. ప్రభుత్వోద్యోగి ఉడుపును గాని గుర్తును గాని మోసపు తలంపుతో ధరించుట నేరము. ఆనాడు అది భారత శిక్షాస్మృతి 171వ సెక్షను. జుర్మానా 200 రూపాయలకు మించదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అది 205వ సెక్షనయి, జుర్మానా 5000 రూపాయలవఱకు పెరిగినది. మూడునెలల శిక్ష మాత్రము మాఱలేదు. శిక్ష తొడిగినవానికి. ఇది ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్న మాత్రము పాఠశాలకు వచ్చును. అచ్చటినుండి అవ్వ గుమ్మమునకు పోవును. అందుచేత ఆ యేటినుండి చిరిగిన ఉడుపు ఏదియు ఇంటికి పోరాదనియు, బొత్తాములు కోసి, చేతులు కత్తిరించి, నేలగుడ్డలు చేయవలెననియు నిర్ణయించితిమి. పిల్లలు వానితోనే గది తుడిచెడివారు.

మాకు 58 నిండక పూర్వమే పదవీవిరమణ వయస్సును రాష్ట్ర ప్రభుత్వము 2020లో 59కి పెంచుటవలన మఱికొంత కాలము ఆ తాళపుచెవి మావద్దనే నిలిచెను. ఆ కాలములో దానికి పని తక్కువ. 2020 మార్చిలో బడులు మూతపడిన పిమ్మట కవాతు లేదు. వారమునకొకనాడు పోయి, బీరువాలు తెఱచి, గాలి తగులనిచ్చి వచ్చెడివారము. చొక్కాలు ఇస్త్రీ మడత చెదరక ఉండెను. వానిని తొడుగవలసిన పిల్లలు ఇండ్లలో పొడుగగుచుండిరి.

2021 జూన్ 30వ తేదీన గదిని అప్పగించితిమి. మా స్థానమున వచ్చిన తమిళ యువతి చుఱుకైనది. ఇద్దఱమును మూతిగుడ్డలు కట్టుకొని, ఒక్కొక్క అరను లెక్కించితిమి. చొక్కాలు 40, టోపీలు 40, ఈలలు 40, బిళ్ళల జతలు 40, త్రాళ్ళు 3. అరలకు అంటించిన చీటీలు మొదటి దళపు పిల్లలు 2012లో తెలుగున వ్రాసినవి. ఆమెకు తెలుగు రాదు. చింపి క్రొత్తవి అంటించుమని చెప్పబోతిమి. ఆమె వలదని, ఒక్కొక్కటియే చదువుమనెను. పెద్ద కొలత, చిన్న కొలత, ఈలలు, ఉతుకవలసినవి అని మేము చదువుచుండగా ప్రతిదాని క్రింద తమిళమున వ్రాసికొనెను. అడుగు అరమీది చీటీలో "చిరిగినవి — ఎవరికిని ఈయరాదు" అని యుండెను. ఎవరికిని ఈయరాదనుట ఏల యని అడిగెను. అవ్వ సంగతి చెప్పితిమి. విని, దానిని రెండుమాఱులు గీతగీసి వ్రాసికొని, తాళపుచెవిని లెక్కకు సరిచూచి, రిజిస్టరులో మా సంతకము క్రింద తన సంతకము చేసెను.